తాతయ్య నిలబడ్డ స్టేషన్ ఏది?

మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకడున్నాడు. బీచ్ ఫొటో పెడితే చూడడు, బిర్యానీ ఫొటో పెడితే అసలు పట్టించుకోడు. రైలు కిటికీలోంచి తీసిన ఫొటో మాత్రం ఎంత మసగ్గా ఉన్నా సరే, రెండు నిమిషాల్లో రిప్లై వస్తుంది. ‘దువ్వాడ దాటావ్ కదా, కుడివైపు కూర్చున్నావ్’ అని. మేమంతా వాణ్ని ‘గార్డు గారు’ అంటాం.

అలాంటివాడు మొన్న ఒక ఫొటో చూసి రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ ఫొటో సంక్రాంతికి మా అమ్మమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే బయటపడింది. అరచెయ్యంత కూడా లేని బ్లాక్ అండ్ వైట్ ఫొటో. అందులో మా తాతయ్య. నేను పుట్టకముందే పోయాడు. పంచె, చొక్కా, భుజం మీద తువ్వాలు. వెనక స్టేషన్ బోర్డు. పేరు ఉండాల్సిన చోట సగం ఆయన తల అడ్డం, మిగతా సగం చిరిగిపోయింది. 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్లో లైన్ వేశారు. ఆ పనికి వెళ్లినవాళ్లలో తాతయ్య ఒకడు. ఫొటో ఎక్కడిదంటే అమ్మ అరకు అంటుంది, మావయ్య కిరండూల్ అంటాడు. అమ్మమ్మని అడిగితే, ‘రైలు పనికి కొండెక్కాడు. అంతే నాకు తెల్సు’ అంది. దాదాపు అరవై ఏళ్లుగా ఆ ఫొటో ఆమె దగ్గరే ఉంది.

మూడో రోజు గార్డు గారు మెసేజ్ పెట్టాడు. ‘ముందు స్టేషన్‌కి రా. చూడ్డం నేర్చుకో.’

విశాఖ స్టేషన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వెళ్లే రైలు ఇక్కడ ఆగాక, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి పక్కవాళ్లని అడుగుతారు, ఇదేంటండీ వెనక్కి పోతోంది అని. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌ కూడా అంతే. ఒక చివర ఇంజన్ విప్పి, రెండో చివర తగిలిస్తారు. ఈ తిప్పుడంతా వద్దనుకునే రైళ్లు సిటీలోకి రాకుండా దువ్వాడ నుంచే బైపాస్‌లో వెళ్లిపోతాయి.

ప్లాట్‌ఫాం మీద వాడు ఇంజన్‌ని చదవడం నేర్పాడు. డబ్ల్యూఏపీ-7 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, పీ అంటే ప్యాసింజర్. పీ బదులు జీ ఉంటే గూడ్స్. పక్కన రాసేది ఇంజన్ ఏ షెడ్డుదో. వీఎస్‌కేపీ అంటే మన విశాఖది, బీజెడ్ఏ అంటే విజయవాడ, ఎల్‌జీడీ అంటే లాలాగూడ. బోగీ మీద నంబర్‌లో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. చివరి మూడంకెలు 201 నుంచి 400 లోపు ఉంటే స్లీపర్.

‘అయితే వీఎస్‌కేపీ ఇంజన్ కనిపిస్తే ఫొటో విశాఖదే’ అన్నాను, మహా తెలివిగా.

‘ఆ ఇంజన్ ఇవాళ ఢిల్లీలో కూడా ఉండొచ్చు’ అన్నాడు. ‘కదిలేవి చూస్తే ఎప్పుడు తీశారో తెలుస్తుంది. ఎక్కడ తీశారో తెలియాలంటే కదలనివి చూడు.’

బోర్డు కూడా కదలని వాటిలోకే వస్తుంది గానీ, దాని మీద పేరు మారుతుంది. పాత ఫొటోల్లో ఈ స్టేషన్ బోర్డు మీద వాల్తేరు అని ఉంటుంది. అప్పట్లో ఇది రెండు కంపెనీలు కలిసే చోటు. 1901లో ఇక్కడి నుంచి బెజవాడ వైపు లైన్ మద్రాస్ రైల్వే తీసుకుంది, మరుసటేడు కటక్ వైపుది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. స్టేషన్ విశాఖపట్నం అయ్యాక కూడా డివిజన్ పేరు వాల్తేరుగానే ఉండేది. 2025లో అదీ విశాఖపట్నం అయిపోయింది. ఇంకో పదేళ్లకి వాల్తేరు అన్న అక్షరాలు ఫొటోల్లోనే వెతుక్కోవాలేమో.

అక్కణ్నుంచి జ్ఞానాపురం వైపు గేటులోంచి బయటపడి, కాన్వెంట్ జంక్షన్ దగ్గర గూడ్స్ రైళ్లు చూస్తూ నిలబడ్డాం. నన్నడిగితే ఈ ఊళ్లో అసలు మజా ఇక్కడే. పోర్టు 1933లో మొదలైంది, కట్టించింది కూడా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేనే. అందుకే ఇక్కడ ఓడకీ రైలుకీ విడదీయలేని చుట్టరికం. ‘ఆ వ్యాగన్లలో ఏముందో చెప్పు’ అన్నాడు. పైదాకా కుప్పగా ఉంటే బొగ్గు. అదే రకం బాక్స్‌ఎన్ వ్యాగన్ సగం ఖాళీగా కనిపిస్తూ, ఒంటి నిండా ఎర్రధూళి ఉంటే ఇనుప ఖనిజం. ఖాళీ ఉంది కదా, ఇంకొంచెం నింపొచ్చు కదా అనిపిస్తుంది. ఖనిజం చాలా బరువు, వ్యాగన్ నిండకుండానే మోయగలిగినంత అయిపోతుంది. చదునుగా ఉండే వ్యాగన్ మీద పెద్ద చుట్టలు కట్టి ఉంటే స్టీల్ కాయిల్స్. అడుగు నుంచి సరుకు దిగేలా గరాటు ఆకారంలో ఉంటే, బొగ్గు ఏదో థర్మల్ ప్లాంటుకి పోతోందన్నమాట.

(ఇవన్నీ రోడ్డు మీద నుంచే చూడాలి. పోర్టు, స్టీల్ ప్లాంట్ లోపల కెమెరా తీస్తే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు. పట్టాల మీదకి దిగి సెల్ఫీ దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు. ఆపైన ప్రాణం.)

అప్పుడు తీశాడు తాతయ్య ఫొటో, ఫోన్‌లో జూమ్ చేసి. చిరిగిన అంచు పక్కన నల్లటి చిన్న గీత ఉంది. నాకు మరకలా కనిపించింది. ‘తలకట్టు’ అన్నాడు. నిజమే, ఏదో తెలుగు అక్షరం తలకట్టు! కిరండూల్ ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, అక్కడ తెలుగు ఉండదు. అరకు తర్వాత గోరాపూర్ దాటితే ఒడియా బోర్డులు. అంటే మావయ్య ఓడిపోయాడు. ఇక బోర్డు కింద, తాతయ్య భుజం పక్కన, రెండంకెలు. 99. మిగతాది భుజం వెనక.

స్టేషన్ బోర్డు మీద పేరు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాస్తారు. ఆ లైన్లో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ శిమిలిగుడ, 996.32 మీటర్లు. కశ్మీర్ లోయలో రైళ్లు మొదలయ్యేదాకా, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తైనదని చెప్పుకునేవారు. నేను అక్కడే ఎగిరి గంతేశాను.

‘ఆగు. 99 పక్కన చుక్క ఉంటే?’ అన్నాడు. తొంభైతొమ్మిది మీటర్లంటే ఘాట్ ఎక్కకముందు కింద ఉన్న ఏ స్టేషనైనా కావచ్చు. అక్కడా వెనక కొండలుంటాయి. రెండు రోజులుగా వాడు తేల్చుకోలేకపోయింది ఈ చుక్క గురించే.

ఆ ఆదివారం పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. 2017 నుంచి ఈ దారిలో నడుస్తున్న అద్దాల విస్టాడోమ్ బోగీ గురించి మీకు చెప్పక్కర్లేదు, రీల్స్‌లో చూసే ఉంటారు. మేం మామూలు బోగీలోనే ఎక్కాం, కిటికీ తెరుచుకుంటుందని. శృంగవరపుకోట, బొడ్డవర దగ్గర ఒక్కో స్టేషన్ వెనక ఉన్న కొండనీ ఫొటో పక్కన పెట్టి చూశాం. తాటిచెట్లు అడ్డొచ్చాయి. తాతయ్య ఫొటోలో ఒక్క తాటిచెట్టు లేదు. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. లైన్ మొత్తం మీద 58 ఉన్నాయట, పిల్లలు ప్రతిదానికీ అరుస్తూనే ఉన్నారు. బొర్రా గుహలు దగ్గర సగం బోగీ ఖాళీ. కరకవలస. చలి మొదలైంది. ఎదురుగా ఖనిజం రైలు ఒకటి కిందికి దిగుతూ చాలాసేపు పోయింది.

శిమిలిగుడలో కాసేపే ఆగింది. బోర్డు కొత్తది. మీద కరెంటు తీగలు, ఫొటోలో అవి లేవు, ఈ లైన్‌కి కరెంటు వచ్చిందే 1980ల మొదట్లో. చెట్లు పెరిగి కొండ సగం కప్పేశాయి. గార్డు గారు ఏమీ మాట్లాడకుండా ఫోన్ ఎత్తి కిటికీలోంచి నాలుగు ఫొటోలు తీశాడు, రైలు కదిలిపోయింది. ‘ఏంట్రా?’ అంటే, ‘అరకులో చెప్తా’ అన్నాడు.

అరకులో కాఫీ చల్లారిపోతుంటే రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. చెట్లకి పైన కనిపించే కొండ గీత, ఎడమ పక్క చిన్న దిగుడు, మళ్లీ లేచే మెలిక, తాతయ్య చెవి పక్కన మొదలై అంచు దాకా సరిగ్గా కూర్చుంది. చుక్క లేదు. అది తొమ్మిది వందల తొంభై ఆరే.

అమ్మమ్మకి వీడియో కాల్ చేశాం. స్టేషన్ ఫొటో చూపించి, అక్కడ ఎంత చలి ఉందో కూడా చెప్పాను, స్వెట్టర్ వేసుకున్నా వణుకుతున్నానని. ఆమె స్టేషన్ వైపు పెద్దగా చూడలేదు. పాత ఫొటో చేతిలో పట్టుకుని, ఆ పల్చటి చొక్కా కేసి చూస్తూ ఉండిపోయింది.

‘దుప్పటి అట్టుకెళ్లమంటే వద్దన్నాడు’ అంది. ‘అక్కడ సలుండదే అన్నాడు.’