చాటుపాట

చాటుపద్యాలు వల్లె వేస్తూ పెరిగినవాణ్ణి. నాకొక చాటుపాట కూడా ఉన్నదని ఇంతకాలమూ ఎవరితోనూ అనలేదు.

1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ విడుదలైనాడు నేను ప్రాచ్య కళాశాల విద్యార్థిని. పగలు ప్రౌఢవ్యాకరణం, సాయంత్రం వసుచరిత్ర, రాత్రి మాత్రం వసతిగృహం ఎదుటి కాకా హోటలు రేడియో! ఆ చిత్రంలోని పాటను ఎల్.ఆర్. ఈశ్వరి మత్తుగా ఎత్తుకోగానే చేతిలోని టీ చల్లారిపోయేది. తోటివారెవరైనా వస్తే, ‘ఛీ, క్లబ్బు పాట’ అని ముందుగా ఈసడించేవాణ్ణీ నేనే.

ఉపాధ్యాయుడనయ్యాక ఒకనాడు ఛందస్సు పాఠం నడుస్తుండగా వెనుక బల్ల మీద ఒక కుర్రవాడు వేళ్ళతో దరువు వేస్తున్నాడు. అదే పాట! ‘సంస్కారం లేదా?’ అని బల్ల ఎక్కించి గంటసేపు నిలబెట్టాను. ఉత్త దరువు విని పాటను ఎలా పోల్చుకొన్నారని వాడడగలేదు. అడిగి ఉంటే నావద్ద సమాధానం లేదు.

దానికి బాణీ కట్టిన రమేష్ నాయుడుగారే 1982 నాటి ‘మేఘసందేశం’లో జయదేవుని అష్టపదులకూ స్వరాలు కూర్చి జాతీయ పురస్కారం అందుకొన్నారు. ఆ క్యాసెట్టును నలుగురూ వినేటట్లు ముందుగదిలో పెట్టేవాణ్ణి. రెండింటినీ కూర్చిన చేయి ఒక్కటే. ముందుగదికి ఒకటి, చాటుకు ఒకటి అని పంచినది నేను.

ఇప్పుడు ఈశ్వరి పాటను తలుపు తీసే వింటున్నాను. మనుమరాలు పక్కన చేరి బల్ల మీద దరువు వేస్తుంది, నేనేమీ అనను. ఆ కుర్రవాణ్ణి మాత్రం నా మనసులో ఇంకా బల్ల దింపలేకపోతున్నాను.