రక్తం చెప్పే సాక్ష్యం

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. రక్తపరీక్ష కాగితంపై ‘పాజిటివ్’ అన్న ఒక్క మాట కనిపిస్తే చాలు, ఆ ఇంటివారందరికీ లోకం చీకటి కావడం మేము భోగాపురంలో కళ్లారా చూశాము.

ఉద్యోగ నిమిత్తం మా పెద్దన్నయ్యకు జరిపిన పరీక్షలలో హెపటైటిస్-బి ‘కోర్ యాంటీబాడీ’ పాజిటివ్ అని వచ్చింది. ఆ సాయంత్రానికే అతని కంచం, గ్లాసు వేరైనాయి. కుదిరిన సంబంధం వాయిదా పడింది. పసరు తాగించమని కొందరు, విషయం దాచమని కొందరు సలహాలిచ్చారు. కాగితాన్ని పూర్తిగా చదివినవారు మాత్రం లేరు.

మేము దానిని విజయనగరంలో ఒక వైద్యునికి చూపించాము. ఆయన చెప్పిన పోలిక మరపురానిది. రక్తంలో ‘సర్ఫేస్ యాంటిజెన్’ ఉంటే దొంగ ఇంట్లోనే ఉన్నట్లు. ఆరు నెలలు దాటినా పోకుంటే కాపురమే పెట్టినట్లు. కోర్ యాంటీబాడీ వాని అడుగుజాడ. వాడు వచ్చాడని చెబుతుందేగాని, ఇప్పుడున్నాడో లేడో చెప్పదు. అందులో ‘ఐజీఎం’ రకం కనిపిస్తే ఆ జాడ సాధారణంగా తాజాది. ‘సర్ఫేస్ యాంటీబాడీ’ కావలివాడు. టీకా మాత్రమే పొందినవారిలో కావలివాడుంటాడు, అడుగుజాడ ఉండదు.

అన్నయ్యకు యాంటిజెన్ లేదు. యాంటీబాడీలు రెండూ ఉన్నాయి. అనగా, ఎన్నడో తెలియకుండా సోకిన వ్యాధిని శరీరమే జయించింది. అయితే ముందుముందు క్యాన్సర్ మందులో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో వాడవలసి వస్తే ఈ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలన్నారు. హెపటైటిస్-సి విషయంలోనూ యాంటీబాడీ గతాన్నే చెబుతుంది; వైరస్ ఇప్పుడున్నదీ లేనిదీ ఆర్ఎన్ఏ పరీక్షే తేల్చాలి.

అన్నయ్య కంచం తిరిగి అందరి కంచాలతో చేరింది. నిజానికి ఫలితం మరొక విధంగా వచ్చినా అది అక్కడే ఉండవలసినది. ఈ వ్యాధి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, ప్రసవవేళ తల్లి నుండి బిడ్డకు సోకుతుందేగాని, కలిసి భుజించినంత మాత్రాన సోకదు.

ఈ యాంటిజెన్‌ను కనుగొన్న బ్లూంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించింది. 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను చౌకగా అందించింది. పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు ఆ టీకా వేయించడం తల్లిదండ్రుల విధి. కాగితం చదివి, అర్థం చేసుకొని, నలుగురికీ చెప్పడం చదువుకొన్న మనందరి విధి.