ఆ అమ్మాయి వెనక నేను

మొన్న రాత్రి నెల్లూరు నుంచి వచ్చి మనుబోలు స్టేషన్లో రైలు దిగా. ముందు ఒకమ్మాయి నడుస్తోంది. నా చెప్పుల చప్పుడు వినగానే గబగబా అడుగులేసింది. నేనేం చేశానని? కాస్త కోపమొచ్చింది.

ఇంటికొచ్చి ఫోన్లో ‘ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్’ చూశా. అనా లిలీ అమీర్‌పూర్ తీసిన 2014 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. మాటలు పర్షియన్, షూటింగ్ కాలిఫోర్నియాలో. నల్ల చాదర్ కప్పుకుని స్కేట్‌బోర్డు మీద తిరిగే రక్తపిశాచి ఇందులో హీరోయిన్! ఆడవాళ్లను పీడించే ఒకడి రక్తం తాగేస్తుంది. మనసుపడ్డ అబ్బాయి మెడ దగ్గరికొచ్చినా కొరకదు, గుండె మీద తల ఆనిస్తుంది. ఎంత అందంగా తీశారో!

కానీ నన్ను నిద్రపోనివ్వని సీను వేరే ఉంది. రాత్రి వీధిలో ఓ పిల్లాణ్ని ఆపి, నువ్వు మంచోడివేనా అని అడుగుతుంది. వాడు వణికిపోతాడు. చీకట్లో అలాంటి వణుకు నాకు కొత్త. స్టేషన్ దారిలో ఆ అమ్మాయికి మాత్రం రోజూ ఉండేదే.

నిన్న మళ్లీ అదే దారి. ముందు మళ్లీ ఎవరో అమ్మాయి. చెప్పు సరిచేసుకునే వంకతో ఆగిపోయా. ఆమె మలుపు తిరిగాకే కదిలా.

ఇంటికి ఐదు నిమిషాలు లేటు. అంతేగా!