బర్రె పెరుగు, జగిత్యాల మామిడి

ఫ్రోజెన్ యోగర్ట్ పేరు అమెరికాదే, వ్యాపారం కూడా అమెరికాదే. 1970ల్లో న్యూ ఇంగ్లండ్‌లో హుడ్ అనే పాల కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. 1981లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో టీసీబీవై మొదటి దుకాణం తెరిచింది. 2005లో పింక్‌బెర్రీ దాన్ని మళ్లీ ఫ్యాషన్ చేసింది. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు ఎండాకాలం సెలవులకు కరీంనగర్, ఆదిలాబాద్ వెళ్లినప్పుడు అడిగేవాటిలో అదీ ఒకటి. దొరకదేమోనని తల్లిదండ్రులు ముందే సర్దిచెప్పి తీసుకెళ్తారు. ఆ సర్దిచెప్పడం దండగ అంటాను నేను. దుకాణంలో కొనే మాటైతే వేరు. ఇంట్లో చేసుకునే మాటకొస్తే డాలస్ కంటే జగిత్యాలే అనువైన చోటు, ఎందుకంటే ఈ తిండికి ప్రాణమైన రెండు సరుకులూ అక్కడే మేలైనవి.

మొదటిది పెరుగు. పెరుగులో ఎక్కువ భాగం నీరే. దాన్ని ఉన్నదున్నట్టు ఫ్రీజర్‌లో పెడితే ఆ నీరు పెద్ద పెద్ద పలుకులుగా గడ్డకట్టి, నాలుక మీద ఇసుకలా తగులుతుంది. ఆ పలుకులు పెరగకుండా అడ్డుపడేవి వెన్న, మాంసకృత్తులు, చక్కెర. అమెరికా దుకాణాల్లో 'హోల్ మిల్క్' అని అమ్మేదాంట్లోనే వెన్న 3.25 శాతం, అక్కడి పెరుగు డబ్బాల్లో చాలావాటిలో అదీ తీసేసి ఉంటుంది. బర్రె పాలలో 7 శాతం అటూ ఇటూ ఉంటుంది, మాంసకృత్తులు కూడా ఆవు పాలకంటే ఎక్కువే. పల్చటి పెరుగులో లేని చిక్కదనాన్ని కంపెనీలు గ్వార్ గమ్ వంటి జిగురుతో తెప్పిస్తాయి. ఆ జిగురు మన గోకరకాయ గింజల నుంచి తీసేదే. గోకర గింజల జిగురు సముద్రాలు దాటి వచ్చి మళ్లీ మన పిల్లల నోట్లోకి పోతోంది, అది వేరే సంగతి. చిక్కటి బర్రె పెరుగుకు ఆ అవసరమే లేదు. పట్నంలో బర్రె పాలు పోసేవాళ్లు లేకపోతే పాకెట్ పాలైనా సరే. కరీంనగర్ డెయిరీ ఉంది, 2000లో పల్లె ఆడవాళ్లు సంఘంగా పెట్టుకున్న ముల్కనూర్ డెయిరీ ఉంది. పాకెట్ మీది మాట మాత్రం చదవాలి: టోన్డ్ అంటే 3 శాతం వెన్న, ఫుల్ క్రీమ్ అంటే 6. ఈ పనికి రెండోదే కావాలి.

రెండో సరుకు పండు. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడి లారీలు ఢిల్లీ దాకా పోతాయి. బంగినపల్లితో పాటు అక్కడ దసేరి కూడా పండుతుంది. పీచు లేని గుజ్జు, గట్టి వాసన దాని గుణం. గడ్డకట్టిన తిండిలో తీపి, వాసన మందగిస్తాయి కాబట్టి మామూలుగా తింటే పర్వాలేదనిపించే పండు ఇక్కడ చప్పగా తేలిపోతుంది. కార్బైడ్ పెట్టి రంగు తెప్పించిన కాయల బండారం చల్లబడ్డాకే బయటపడుతుంది. అన్ని పండ్లూ దీనికి పనికిరావు. పుచ్చకాయ నూటికి తొంభై పాళ్లు నీరే, పెరుగులో కలిపితే రాయవుతుంది. దాన్ని విడిగా పుల్లైసు చేసుకోవాలి. పచ్చి పైనాపిల్‌లో, బొప్పాయిలో మాంసకృత్తులను విరిచే ఎంజైములున్నాయి, పెరుగులో కాసేపు నానితే చేదెక్కుతుంది. తాటిముంజలను గడ్డకట్టించడం వాటికి అన్యాయం. కోసి పైన వేసుకుంటే చాలు. ఆదిలాబాద్ అడవిలో ఎండాకాలంలోనే పండే తునికి, మొర్రి పండ్ల మీద నాకు పక్షపాతం ఉంది. తునికి గుజ్జులోని కాస్త వగరు చక్కెర వెగటును తగ్గిస్తుంది. ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్మగలిగినప్పుడు, తునికి పండును గంప దాటనీయకపోవడానికి కారణం కనిపించదు.

ఇది మన తిండి కాదు గదా అనేవాళ్లకు జవాబు పెన్‌గంగ ఒడ్డునే ఉంది. ఆదిలాబాద్‌లో మరాఠీ మాట్లాడే ఇళ్లలో పెరుగును గుడ్డలో వేలాడగట్టి, నీరు దిగాక చక్కెర, యాలకుల పొడి కలిపితే శ్రీఖండ్. మామిడి గుజ్జు పడితే ఆమ్రఖండ్. ఫ్రీజర్‌లో పెట్టడం ఒక్కటే కొత్త. సిరిసిల్ల, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు అక్కడ రొట్టెతో తినే లబ్నే కూడా వేలాడగట్టిన పెరుగే.

పెద్దవాళ్ల అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పెరుగులో పండు కలపరాదంటారు, ఎండాకాలంలో పెరుగు వేడి అంటారు. కొట్టిపారేసే మాటలు కావు. ఆయుర్వేదం పాలతో పుల్లని పండ్లను విరుద్ధాహారమంది. పెరుగు చలువ అని మనం అనుకుంటాం గానీ ఆ శాస్త్రం దాన్ని ఉష్ణవీర్యమనే చెప్పింది, గ్రీష్మంలో తగ్గించమనీ అంది. అయితే పెరుగు తినక తప్పనప్పుడు చక్కెరో, తేనో, ఉసిరికో, పెసర కట్టో కలుపుకొమ్మన్నదీ ఆ శాస్త్రమే. పైగా ఈ అభ్యంతరం చెప్పే ఇంట్లోనే మే నెల మధ్యాహ్నం పెరుగన్నంలో మామిడిపండు నంజుకోని మనిషిని చూపించడం కష్టం. తిన్నప్పుడల్లా ఒంటికి పడనివాళ్లు మానేయాల్సిందే. మిగతావాళ్లకు ఆ పెరుగన్నమే అనుమతి పత్రం.

నిజంగా ఇబ్బంది పెట్టేది కరెంటు. రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో కరెంటు పోయి వస్తుంటే సగం కరిగింది మళ్లీ గడ్డకట్టి, ప్రతిసారీ పలుకులు ముదురుతాయి. ఒంటి తలుపు ఫ్రిజ్ పైఅరలో అంత చలి కూడా ఉండదు. అందుకని అమెరికా పద్ధతిలో పెద్ద డబ్బా నింపి వారాలపాటు తినే ఆలోచన మానుకోవాలి. లీటరు పెరుగు పలచటి గుడ్డలో వేసి జల్లెడ మీద పెట్టి, ఫ్రిజ్‌లోనే రాత్రంతా ఉంచాలి. కొక్కేనికి బయట వేలాడదీస్తే ఆ ఎండలకు తెల్లారేసరికి పులిసిపోతుంది. సగానికి సగం నీరు దిగుతుంది, ఆ నీళ్లు చపాతీ పిండికి పనికొస్తాయి. మిగిలిన ముద్దకు సమానంగా మామిడి గుజ్జు, తగినంత చక్కెర, చిటికెడు ఉప్పు. వెడల్పాటి స్టీలు డబ్బాలో పోసి అరగంటకోసారి అంచులు గీకి కలపాలి. అంత ఓపిక లేకపోతే చిన్న గ్లాసుల్లో పోసి పుల్ల గుచ్చడం మేలు, పుల్లైసు గట్టిగా ఉంటేనే అందం. ఫ్రిజ్ లేకున్నా ఐసు ముక్కల్లో దొడ్డుప్పు వేసి మధ్యలో మూత బిగించిన గిన్నె తిప్పుతుంటే గడ్డకడుతుంది. కుల్ఫీవాళ్ల పాత విద్య అది. ఆ ఐసు మాత్రం గిన్నెలో పడకూడదు, గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు. పెరుగులోని మంచి బ్యాక్టీరియా చాలావరకు బతికేదీ అదే కారణం వల్ల.

ఆరోగ్యం పేరుతో దీన్ని అమ్మే అమెరికా మాటలు మనకొద్దు. చక్కెర మరీ తగ్గిస్తే ముద్ద రాయవుతుంది, కాబట్టి ఇది తీపి పదార్థమే, షుగరు ఉన్నవాళ్లకు కొలత తప్పదు. ఒంటి వేడిని దించేదీ పెద్దగా లేదు: వంద గ్రాముల మంచు కరగడానికి శరీరం నుంచి తీసుకునేది 8 కిలో క్యాలరీలు, రెండు చిన్న చెంచాల చక్కెర ఇచ్చేది 40. ఎండదెబ్బకు మందు చల్ల, అంబలి, ఓఆర్ఎస్ నీళ్లు. అయినా పిల్లలు ఎలాగూ ఏదో ఒక ఐసు తింటారు. బండి మీదా దుకాణంలోనూ 'ఫ్రోజెన్ డెజర్ట్' అని రాసి ఉన్న కప్పుల్లో ఉండేది పాల వెన్న కాదు, నూనె కొవ్వు. మన దేశపు నిబంధనల ప్రకారం ఐస్‌క్రీం అనాలంటే 10 శాతం పాల వెన్న ఉండాలి గనుకే వాటికి ఆ పేరు. పోటీ దానితో, పెరుగన్నంతో కాదు.

మరో చిక్కు మా ప్రవాసులది. న్యూజెర్సీ బడులు మూసేసరికి జూన్ ఆఖరవుతుంది, గల్ఫ్‌లోనూ ఇంచుమించు అంతే. పిల్లలు వచ్చేసరికి చల్‌గల్‌లో దసేరి అయిపోయి ఉంటుంది. మే నెలలోనే అమ్మమ్మతోనో నానమ్మతోనో గుజ్జు తీయించి, కవర్లలో గాలి లేకుండా పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పాలి. పలక మందాన ఉంటే కావలసినంత విరుచుకోవచ్చు. ఆ ముక్కలను కరగనివ్వకుండా, నీరు దిగిన చల్లటి పెరుగుతో కలిపి కొంచెం కొంచెంగా మిక్సీలో తిప్పితే అప్పటికప్పుడు మెత్తటి ముద్ద తయారు. గీకే పని ఉండదు, కరెంటు మళ్లీ పోయేలోపే గిన్నెలు ఖాళీ అవుతాయి.