వదిన కింద పదకొండు మంది

ఆడవాళ్ళని ఏదో ఒకదాంట్లో చేర్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. చీటీలో చేరమనేవాళ్ళు, లలితా సహస్రనామ పారాయణానికి రమ్మనేవాళ్ళు, ఎల్ఐసీ పాలసీ కట్టమనేవాళ్ళు, చీరల వాట్సాప్ గ్రూపులో కలిపేశాక చెప్పేవాళ్ళు. వీటన్నిట్లోనూ నేనున్నాను. చేరనిది ఒక్కటే, మా వదిన చేరిన నెట్‌వర్క్ మార్కెటింగ్. చేరకపోయినా అందులో పదకొండు మంది లెక్కలు దాదాపు ఏడాది పాటు నా నోట్‌బుక్కులో ఉన్నాయి కాబట్టి లోపలి సంగతులు కొంచెం తెలుసు. మీ చుట్టాల్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, అందుకని రాస్తున్నాను.

అన్నయ్యా వదినా ఉండేది తెనాలిలో. అన్నయ్య రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. వదిన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఓ ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీకి చెప్పేది, తర్వాత మానేసింది. ఎవరి పెళ్ళిలోనో పక్క కుర్చీలో కూర్చున్నావిడ పరిచయమై, ఆవిడ ద్వారా ఈ కంపెనీలో చేరింది. కంపెనీ పేరు ఎందుకులెండి. ప్రోటీన్ పౌడరు, టూత్‌పేస్టు, గిన్నెలు తోముకునే లిక్విడ్, మొహానికి క్రీములు. సరుకు మంచిదే. ధరే, బజారు ధరకి రెండింతలు.

చేరగానే ఇచ్చిన మొదటి పని, వంద మంది పేర్లు రాయడం. వంద మంది ఎక్కణ్ణుంచి వస్తారని వదిన కంగారు పడితే, పైనున్న సర్ ఒక కిటుకు చెప్పాడట. "మీ పిల్ల ఓణీల ఫంక్షన్‌కి పిలిచినవాళ్ళ లిస్టు ఉంటుంది కదమ్మా, అది తియ్యండి." ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ లిస్టులో ఎవరు ఏం చదివించారో కూడా రాసి ఉంటుంది, ఎవరి చేతికి ఎముక లేదో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ లిస్టులో నా పేరూ ఉందని వేరే చెప్పక్కర్లేదు. వదిన గుంటూరు వచ్చి, మా డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచి గుండ్రాలు గీసింది. నువ్వు, నీ కింద ఆరుగురు, ఒక్కొక్కళ్ళ కింద ఇంకో ఆరుగురు. నేను బీకాం చదివినదాన్ని, అంకె కనబడితే ఊరుకోలేను. పెన్ను తీసుకుని ఆరుని ఆరుతో గుణిస్తూ పోయాను. ఆరు, ముప్ఫై ఆరు, రెండొందల పదహారు... పదో వరస దగ్గర ఆరు కోట్ల నాలుగు లక్షల పైచిలుకు వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం అయిదు కోట్లు కూడా లేదు. "వదినా, పదో వరసలో ఉన్నవాళ్ళు చేర్చుకోవడానికి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?" అన్నాను. వదిన కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మళ్ళీ నన్ను చేరమనలేదు. అలగనూ లేదు. నెల తిరిగాక ఫోన్ చేసి, "నువ్వు చేరకపోతే పోనీ, లెక్కలన్నా రాసిపెట్టు, నాకు పాయింట్లూ రూపాయలూ కలగాపులగం అయిపోతున్నాయి" అంది.

సంక్రాంతి తర్వాత మొదలెట్టి ఆషాఢానికల్లా పదకొండు మందిని చేర్చింది. అంగన్‌వాడీ టీచరు, జాకెట్లు కుట్టే అమ్మాయి, కర్రీ పాయింట్ నడిపే ఆవిడ, గుళ్ళో పూజారిగారి భార్య, పాత స్కూలు టీచర్లు నలుగురు, అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా పిన్ని కూతురు. ఇంతమంది ఎలా వచ్చారంటే కంపెనీని చూసి కాదు. వదినని చూసి వచ్చారు. ఎవరింట్లో పురుడైనా కారప్పొడి దంచి పట్టుకెళ్ళే మనిషి.

కొత్తవాళ్ళకి ఇచ్చే సపోర్టు గురించి కంపెనీ మీటింగుల్లో తెగ చెప్తారు. పైవాళ్ళ దృష్టిలో సపోర్టంటే పొద్దున్నే ఫోన్లో సూర్యోదయం బొమ్మా, దాని మీద రెండు ఉత్సాహపు మాటలూ. రాత్రి తొమ్మిదికి జూమ్ కాల్. తొమ్మిదికి! మొగుడు కంచం ముందు కూర్చునే వేళ, పిల్లాడికి హోంవర్కు గుర్తొచ్చే వేళ. కెమెరా ఆపేసి, ఫోను కూరగాయల బుట్టకి ఆనించి వినేవాళ్ళు పాపం.

వదిన సపోర్టు వేరు. కర్రీ పాయింట్ ఆవిడ దగ్గర కూర్చుని ఒక సీసా లిక్విడ్‌తో ఎన్ని గిన్నెలు తోమొచ్చో నాలుగు రోజులు లెక్కపెట్టించింది. నీళ్ళు కలిపి వాడితే సబ్బు బిళ్ళకన్నా మరీ ఎక్కువేం పడటం లేదని తేలింది. ఆ లెక్క చూపించి ఆవిడ ఇంకో రెండు కర్రీ పాయింట్లకి అమ్మగలిగింది. అంగన్‌వాడీ టీచరు భర్త ఇంటికొచ్చి గొడవ చేస్తే, వదిన కాఫీ ఇచ్చి, "అన్నయ్యగారూ, ఆవిణ్ణి తెచ్చింది నేను. ఏదన్నా ఉంటే నన్నడగండి" అంది. ఆ మాట ఎంత దూరం వెళ్తుందో అప్పుడు ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

శ్రావణ మాసంలో పూజారిగారింటికి పేరంటానికి వెళ్ళింది. వాయనం ఇవ్వడానికి ఆవిడ బీరువా పక్కనున్న అలమర తెరిస్తే, లోపల ఏడు ప్రోటీన్ పౌడర్ డబ్బాలు, సీల్ తియ్యనివి. ఆ ఇంట్లో తాగేవాళ్ళు ముగ్గురు. "ఇవేంటండీ?" అంటే, "నెలాఖరుకి పాయింట్లు తగ్గాయి, ఇంటికే కొనుక్కుంటే లెవెల్ నిలబడుతుందని సర్ గ్రూపులో పెట్టారుగా" అందిట ఆవిడ. డబ్బెక్కడిదంటే, ఉంగరం గోల్డ్ లోన్ వాళ్ళ దగ్గరుంది. భర్తకి తెలియదు.

వదిన ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "మనం ఇన్నాళ్ళూ తప్పు లెక్క రాస్తున్నాం. ఎంత కొన్నారు అని రాశాం. ఎంత మిగిలింది అని రాయలేదు" అంది.

ఇంకో వారం రోజులు పదకొండు ఇళ్ళకీ తిరిగింది. నేనూ రెండు రోజులు వెళ్ళాను. అలమరలూ, మంచం కింద పెట్టెలూ, ఫ్రిజ్ మీద సంచులూ. మా పిన్ని కూతురైతే క్రెడిట్ కార్డు మీద కొని, వీడియో కాల్లో చూపించింది. లెక్క ఇలా తేలింది. ఆరు నెలల్లో పదకొండు మందీ కలిసి కొన్నది 1,38,000 రూపాయల సరుకు. బయటివాళ్ళకి అమ్మింది 41,000. ఇంట్లో వాడుకున్నది 45,000. అలమరల్లో ఉన్నది 52,000. వాళ్ళ మీద వదినకొచ్చిన కమిషన్ మొత్తం 9,400. బస్సు చార్జీలూ మీటింగు టిక్కెట్లూ తీస్తే అందులో ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ మా వీధి చీటీ గురించి చెప్పాలి. ఇరవై మందిమి, నెలకి రెండేసి వేలు. నడిపేది ఎదురింటి మామ్మగారు. (రిజిస్ట్రేషన్ గట్రా ఏం లేదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అదీ కుదరదు, ఆ సంగతి తెలిసీ కడుతున్నాం.) ఎవరైనా ఒక నెల కట్టకపోతే మామ్మగారు తన చేతిది వేసి, పాట పాడినవాళ్ళకి పూర్తి డబ్బు ఇస్తుంది. తర్వాత కట్టనివాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుంటుంది. మమ్మల్ని పోగుచేసినందుకు కమిషన్ తీసుకుంటుంది, పోగుచేసినందుకు పూచీ కూడా పడుతుంది. ఆ రెండూ కలిసే ఉంటాయని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. కమిషన్ పైకి పోతూ పూచీ కిందే ఉండిపోయే ఏర్పాటుని నేను ఈ నెట్‌వర్క్‌లోనే చూశాను. వదిన పై సర్‌ని అడిగింది, ఈ యాభై రెండు వేల సరుకు సంగతేంటండీ అని. "అది వాళ్ళ సొంత బిజినెస్ అమ్మా, వాళ్ళే ఓనర్లు" అన్నాడు. జనవరిలో చేర్చుకునేటప్పుడు మాత్రం మనదంతా ఒకటే ఫ్యామిలీ అన్నాడు.

నేను ఆ రాత్రుళ్ళు కూర్చుని రూల్స్ చదివాను. 1978 నాటి చట్టం ఒకటుంది, మనీ సర్క్యులేషన్ స్కీములని నిషేధించేది. మనుషుల్ని చేర్చుకుంటూ పోవడం మీద ఆధారపడి తేలిగ్గా డబ్బొస్తుందని చెప్పేవి దాని కిందకి వస్తాయి. నడిపేవాళ్ళనే కాదు, సభ్యులుగా చేరేవాళ్ళని కూడా అది తప్పుపడుతుంది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో, ఆ స్కీము ఈ చట్టం పరిధిలోకే వస్తుందని చెప్పింది. వదిన కంపెనీ అది కాదు, కానీ చదివేసరికి నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ తర్వాత 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్‌కి విడిగా నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం పిరమిడ్ స్కీము నడపకూడదు, అంటే మనిషిని చేర్చినందుకు లాభం ఉండకూడదు. సరుకు అమ్ముతానని వేరేవాళ్ళింటికి వెళ్ళేముందు వాళ్ళని అడగాలి, గుర్తింపు కార్డు ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకి కొంత గడువు ఉంటుంది, ఆ లోపు ఏ జరిమానా లేకుండా తప్పుకోవచ్చు. ఈ గడువు సంగతి పదకొండు మందిలో ఒక్కళ్ళకీ తెలియదు. వాళ్ళు సంతకం పెట్టిన కాగితాల్లోనే ఉంది.

వదిన బిల్లులన్నీ వెతికించి, ఉత్తరం రాయించి, సీల్ ఉన్నవాటిని కంపెనీకి తిప్పి పంపింది. బిల్లులున్నవి 17,000 రూపాయలవి వెనక్కి తీసుకున్నారు. ఆ డబ్బు రావడానికి రెండు నెలలూ, వదిన చేసిన ఫోన్లూ ఎన్నో. ఇంకో 27,000 సరుకు మిల్లు దగ్గరా, స్కూల్లోనూ తగ్గించి అమ్మితే 19,000 వచ్చింది. ధర తగ్గించి అమ్మకూడదని కంపెనీ రూలట. అడగడానికి ఎవరూ రాలేదు. మిగిలిన 8,000 సరుకూ తనే తీసుకుని, తగ్గిన 8,000 కూడా కలిపి, మొత్తం పదహారు వేలు చేతి నుంచి ఇచ్చింది. దానికోసం దాచుకున్న చీటీ పాట పాడి ఎత్తింది. పూజారిగారి భార్య ఉంగరం ముందు విడిపించారు.

ఇక్కడ నాకూ వదినకీ పడలేదు, ఇప్పటికీ పడదు. పూజారిగారి భార్యకి ఇవ్వాల్సిందే, కాదనను. కానీ మా పిన్ని కూతురికి నెల జీతం అన్నయ్య జీతానికి మూడింతలు. చదువుకున్న పిల్ల, చూసుకోవద్దూ? దానికెందుకు నీ చీటీ డబ్బులు అన్నాను. "అది కంపెనీని నమ్మి చేరలేదు, నన్ను నమ్మి చేరింది" అంది వదిన. అలా అయితే నువ్వు నమ్మినావిడ నీకేం ఇచ్చింది, పెళ్ళిలో పక్క కుర్చీ ఆవిడ, అని అడిగాను. ఆవిడ ఫోన్ ఎత్తడం మానేసి మూడు నెలలైందిట. అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు తనే వెళ్ళి స్టాంపు రసీదు పుస్తకం కొనుక్కొచ్చి ఇచ్చాడు, డబ్బు ఇచ్చినట్టు సంతకాలుండాలి కదా అని. లెక్కలు రాసేవాడి ప్రేమ అలాగే ఉంటుంది.

నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళందరూ మునిగారని రాస్తే అబద్ధం అవుతుంది. కర్రీ పాయింట్ ఆవిడా, కుట్టుపని అమ్మాయీ ఇంకా అమ్ముతున్నారు. ఇద్దరూ ఎవర్నీ చేర్చలేదు. గిన్నెల లిక్విడ్ ఒక్కటే తెప్పించుకుని, తెలిసిన నలుగురైదుగురికి వేస్తారు. నెలకి ఏడెనిమిది వందలు మిగులుతాయి, ఒక్కో నెల వెయ్యి. మీటింగులో స్టేజీ మీద ఇలాంటివాళ్ళని పిలవరు.

మొన్న కుట్టుపని అమ్మాయి వదిన దగ్గరికొచ్చి, "ఆంటీ, మా ఆడపడుచు కూడా చేరతానంటోంది, చేర్చనా?" అని అడిగింది. వదిన జవాబు చెప్పకుండా వాళ్ళింటికి బయల్దేరి, ముందు ఆ అమ్మాయి అలమర తెరిపించింది. రెండు సీసాలు, ఒకటి సగం వాడింది. తర్వాత ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళమంది. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ పిల్ల చేరలేదు, కానీ వదిన దగ్గర కారప్పొడి దంచడం నేర్చుకుంటోందిట, కిలోల లెక్కన ఆర్డర్లు వస్తున్నాయిట.

వదిన ఇంట్లో ప్రోటీన్ డబ్బాలు ఇంకా మూడున్నాయి. ఎక్స్‌పైరీ వచ్చే మార్చికి. అన్నయ్య రోజూ పొద్దున్న రెండు చెంచాలు పాలల్లో వేసుకుని, మొహం చిట్లించుకుంటూ తాగి, గ్లాసు కడిగి బోర్లిస్తున్నాడు.