బుల్లి ఇంజనుకు ఏ వెలుగు?

అరచేతి మీద నిలబడే రైలింజను. దానికో బుల్లి లైటు. తెచ్చి తగిలిస్తే సరిపోదూ అనుకుంటాం. బొమ్మరైళ్ల పిచ్చి ఉన్నవాళ్లనడిగితే తెలుస్తుంది... ఇంజను కుదరడం తేలికే, దానికి తగ్గ వెలుగు కుదరడమే కష్టం!

కాజీపేట రైల్వే కాలనీలో పెరిగిన ఓ ఇంజినీరమ్మాయి తండ్రి కోసం డబ్ల్యూడీఎం-2 డీజిలింజను నమూనా తయారుచేసింది. ఆయన ఆ ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరు. హెచ్‌ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. 17 మీటర్ల ఇంజను 20 సెంటీమీటర్లలో ఒదిగిపోయింది. రంగూ, నంబరూ, మెట్లూ అన్నీ అచ్చు అలాగే. స్విచ్చి వేసింది. ఆయన కాసేపు చూసి, 'గిది మా బండి లైటు కాదు బిడ్డా' అన్నాడు.

చూపు మందగించిందేమో అనుకుంది. లోపం కళ్లది కాదు, ఎల్‌ఈడీది. తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి పుట్టేది నీలికాంతి. పైన పూసిన పసుపు ఫాస్ఫరుతో కలిసి తెల్లగా కనిపిస్తుంది. 6000 కెల్విన్లు దాటిన 'కూల్ వైట్' రకంలో నీలానిదే పైచేయి. ఆయన రాత్రుళ్లు పట్టాల మీద చూసిన ఫిలమెంటు బల్బు వెలుగు 3000 కెల్విన్ల చుట్టుపక్కలే.

కరెంటు తగ్గించి చూసిందామె. బల్బయితే ఎర్రబారేది. ఎల్‌ఈడీ మసకబారిందంతే, నీలం నీలంగానే ఉంది! అంటే రంగును కొనేటప్పుడే చూసుకోవాలి. 'వార్మ్ వైట్' తెచ్చింది. 12 వోల్టుల పట్టాల మీద 3 వోల్టుల ఎల్‌ఈడీకి 1000 ఓమ్‌ల రెసిస్టరు పెడితే 9 మిల్లీయాంపియర్లు పారతాయి. అంత చిన్న ఇంజనుకు అది కళ్లు జిగేల్‌మనే వెలుగు. 4700 ఓమ్‌లకు మార్చాక, 'ఆఁ... గిప్పుడు మా బండి' అన్నాడాయన.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతొకటుంది. ప్లాస్టిక్ బాడీ లోపలివైపు నల్లరంగు వేయకపోతే ఇంజనంతా కాగితపు లాంతరులా వెలుగుతుంది. అలాగని అన్నిటికీ పసుపు వెలుగే నప్పదు. ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్లలో చాలావాటికి అసలే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు. వాటి నమూనాలకు తెల్లదే న్యాయం. ఆవిరింజను ముఖాన నీలితెలుపు వెలుగు మాత్రం ఘోరం!

డ్రైవరుగారు అంతటితో ఊరుకోలేదు. 'ఫ్లాషరేది?' అన్నాడు. ప్రమాదం జరిగితే ఎదురొచ్చే బండిని ఆపమని హెచ్చరించే లైటది. ఆయనకు హెడ్‌లైటు కన్నా అదే ముఖ్యం. దీనికి కెల్విన్ల గొడవ లేదు. కాషాయపు పసుపు ఎల్‌ఈడీకి ఫాస్ఫరు పూత అవసరం లేదు, పుట్టుకతోనే ఆ రంగు. ఎంత వేగంగా మిణకాలో మాత్రం ఆయన బల్లమీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు.