సోలు గాడుల్లో ఎర్రమన్ను

ఆక్లండ్‌లో కాపురం పెట్టే ముందు కొత్త బూట్లను అహోబిలం ఎక్కించాలనుకున్నాను. కాలికి అలవాటుపడని జోడుతో పరాయి దేశంలో కొండ ఎక్కితే మడమలు బొబ్బలెక్కి దారిలోనే కూలబడతాం. ఇంట్లో సామాను సర్దుడు సగంలో ఉంది. అయినా ఆళ్లగడ్డ బస్సెక్కేశాను.

పాత జోడుతో అనంతగిరి అడవులు, ఫర్హాబాద్ దారులు ఎన్నో తిరిగాను. ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీంచి దించితే అడుగుభాగం పెచ్చులుగా రాలింది. చెప్పులు కుట్టే పెద్దాయన బొటనవేలితో నొక్కి చూపించాడు.

"కుట్టు నిలవదమ్మా, లోపల స్పాంజి పిండైపోయింది."

పైతోలు మాత్రం చెక్కుచెదరలేదు. పాదానికీ కింది రబ్బరుకూ నడుమ ఉండే పాలియూరథేన్ పొర గాలిలో తేమకు లోలోపలే చివికిపోతుంది. వాడకుండా దాచినా ఆగదు.

కొత్తవి కొనడానికి సాయంత్రం పూట వెళ్లాను. పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది, కొండమీద ఉండే కొలతా అదే. మందపాటి మేజోళ్లు వేసుకుని, షాపులోని వాలుపలక దిగి, బొటనవేలు ముందుకు తగలడం లేదని చూసుకున్నాకే డబ్బు కట్టాను. ఎక్కేటప్పుడు ఏ బూటైనా బాగానే ఉంటుంది. దాని గుణం తెలిసేది దిగేటప్పుడే. అడుగున వైబ్రామ్ రబ్బరు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరులు చనిపోతే, కొండల్లో జారని అడుగు కావాలని పర్వతారోహకుడు విటాలే బ్రమానీ పట్టుబట్టి 1937లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. పర్వతారోహణలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించే మనిషి ఆయన.

ఎగువ అహోబిలం గుడి దాటాక దారి భవనాశి వాగు వెంట సాగుతుంది. కొంత మేర మెట్లు, ఆపైన రాళ్లే దారి. ఎడమ మడమ ఒరుసుకుంటోందని అనిపించగానే ఆగి, చీలమండ దగ్గర బిగించి, వేళ్ల దగ్గర వదులుగా లేసులు మళ్లీ కట్టాను. వట్టికాళ్లతో ఎక్కుతున్న ఒక అవ్వ పక్కనే కూర్చుంది.

"కొత్తవా తల్లీ? రెండ్రోజులు కరుస్తాయిలే."

లేచి, ఆ తడిరాళ్ల మీద నాకంటే ముందు వెళ్లిపోయింది. జ్వాలా నరసింహుడి గుహ దగ్గర బూట్లు విప్పి దణ్ణం పెట్టుకున్నాను. దిగేటప్పుడు వేళ్లు ఒక్కసారి కూడా ముందుకు గుద్దుకోలేదు. సోలు గాడుల నిండా ఎర్రమన్ను.

ఆ మన్ను నాతో రాకూడదు. న్యూజిలాండ్‌లో దిగేవాళ్లు ఆరుబయట తిరిగిన బూట్ల సంగతి ముందే రాసివ్వాలి, దాస్తే 400 డాలర్ల జరిమానా. సగం ఖాళీ అయిన ఇంట్లో గచ్చు మీద కూర్చుని టూత్‌బ్రష్షుతో, పుల్లతో ఒక్కో గాడీ గీకాను. లేసు మడతలోంచి ఉత్తరేణి గింజ ఒకటి ఊడిపడింది. ఆ ఒక్కటి చాలు, అక్కడ ఏ వాగు గట్టునో మొలవడానికి. లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టాను. చేట, కొండచీపురు, వెదురుబుట్టలు, తేనె సీసా పక్కింటి పిన్నిగారికి వెళ్లాయి, రోలు అక్క తీసుకుంది. పాత బూట్లు ఆ పెద్దాయనకే ఇచ్చాను. తోలూ కొక్కేలూ పనికొస్తాయన్నాడు.

ఆక్లండ్ విమానాశ్రయంలో అధికారి బూట్లు తిరగేసి గాడులన్నీ చూసి, శుభ్రంగా ఉన్నాయంటూ తిరిగిచ్చేశాడు.

ఇంటి సామాను ఇంకా ఓడలో ఉండగానే వైటాకెరె కొండలకు వెళ్లాం. అడవి మొదట్లోనే బ్రష్షులు, మందు చల్లే తొట్టి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తోముకోవాల్సిందే. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి కౌరీ చెట్ల వేళ్లను కుళ్లబెడుతుంది. ఆ వేళ్లు నేలపొరకు దగ్గరగా పాకుతాయి కనుక బూటుకంటిన చిటికెడు మన్నుతోనే తెగులు చేరుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. 2018లో ఇక్కడ చాలా దారులు మూసేశారు. కొన్నింటికి కంకర పోసి, చెక్కబాటలు వేసి మళ్లీ తెరిచారు. వందల ఏళ్లు బతికే చెట్టు కోసం మనిషిని ఆపడం న్యాయమేనని నాకు గట్టిగా అనిపించింది.

ముందున్న పిల్లవాడు తొందరపడుతుంటే వాళ్లమ్మ వెనక్కి పిలిచి రెండో బూటు కూడా తోమించింది. తర్వాత నా వంతు.